సరిహద్దు దాటిన కాపురాలకు ఇల్లెక్కడ?

భద్రాచలం: సంక్రాంతి వెళ్ళగానే గోదావరి గట్ల వెంట మిర్చి చేలు ఎరుపెక్కుతాయి. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, అశ్వాపురం ప్రాంతాల రైతులు కూలీల కోసం చత్తీస్‌గఢ్ వైపు చూస్తారు. ట్రాక్టర్ల మీద, ఆటోల్లో, అడవి బాటన కాలినడకన కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. చేను గట్టున పరదాలు కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని, ఉగాది దాటేదాకా కాయలు ఏరతాయి. కోతలు ముగిశాక చాలామంది కూలి డబ్బులు మూటగట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోతారు.

తిరిగి వెళ్ళనివారు కొందరుంటారు. వెళదామన్నా వారికి వెనుక ఊరు మిగలలేదు. పరదా విప్పేనాటికి పిల్లలు, కోళ్ళు, కుండలతో ఎక్కడికి పోవాలన్నదే వారి ముందున్న ప్రశ్న. మన జిల్లా అడవుల్లో ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. ఇక్కడివారు వారిని గుత్తికోయలంటారు. చత్తీస్‌గఢ్‌లో మురియాలంటారు. వారు మాత్రం తాము కోయతూరులమనే చెప్పుకుంటారు.

ముందు ఇల్లు, తర్వాతే ఏదైనా

కొత్త చోటికి పోయినవాడికి మొదటి కష్టం కూడు కాదు, గూడు. పని ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కానీ ఆలుబిడ్డలను నిలుపుకునే ఇల్లు దొరకడం వేరు సంగతి. ఈ మాట ఖమ్మం జిల్లా తల్లిదండ్రులకు కొత్త కాదు. కొడుకో కూతురో అమెరికా వెళ్ళిన ఇళ్ళు ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నాయి. అక్కడ ఉద్యోగం దొరికిందన్న సంతోషం తీరకముందే అద్దె ఇంటి గోడు మొదలవుతుంది. జీతం కాగితం తెమ్మంటారు. అప్పు తీసుకుని సక్రమంగా కట్టిన చరిత్ర చూపమంటారు. కొత్తగా దిగినవాడికి ఆ చరిత్ర ఎక్కడిది? ముందే వెళ్ళి స్థిరపడిన మనవాడెవరో వచ్చి ఒక మాట చెబితేనో, అడ్వాన్సు ఎక్కువ కడితేనో తాళం చేతికొస్తుంది.

ఇంగ్లండులో నిబంధన ఇంకా గట్టిది. 2016 ఫిబ్రవరి నుంచి అక్కడి ఇంటి యజమాని, అద్దెకు వచ్చేవాడికి ఆ దేశంలో ఉండే హక్కు ఉందో లేదో కాగితాలు చూసి మరీ ఇల్లివ్వాలి. చూడకుండా ఇస్తే యజమానికే జరిమానా. దుబాయిలో అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే నెలకు 4 వేల దిర్హాముల జీతమో, లేదంటే 3 వేల దిర్హాముల జీతంతో పాటు వసతో ఉన్నట్టు చూపాలి.

ఎక్కడైనా సరే, కొత్తవాడిని రెండే అడుగుతారు. నీ దగ్గర ఏ కాగితం ఉంది? నిన్ను ఎరిగినవాడెవడు? అమెరికా వెళ్ళిన మనవాడికి కాగితం ఉంటుంది, ఎరిగినవాడు కావాలి. అడవి దాటి మన దగ్గరికి వచ్చిన గుత్తికోయ సంగతి అందుకు తలకిందులు. ఎరిగినవాడు దొరుకుతాడు. కాగితమే దొరకదు.

అద్దె ఇల్లు అందని పండు

భద్రాచలం పట్టణంలోనూ, సారపాకలోనూ, మణుగూరులోనూ బయటినుంచి వచ్చిన ఉద్యోగులు ఎందరో అద్దె ఇళ్ళలోనే కాపురాలు చేస్తున్నారు. కాగితపు మిల్లు, భారజల కర్మాగారం, బొగ్గు గనుల ఉద్యోగులకు క్వార్టర్లున్నాయి. అవి చాలనివారు, ఉపాధ్యాయులు, నర్సులు, చిన్న వ్యాపారులు ఊళ్ళో ఇల్లు చూసుకుంటారు. అడ్వాన్సు ఇచ్చి, ఆధార్ జిరాక్సు ఇచ్చి, తెలిసినవారి పేరు చెప్పి తాళం తీసుకుంటారు.

మిర్చి కూలికి వచ్చిన మురియా కుటుంబానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. రోజు కూలిలో అద్దె తీయలేరు. తెలుగు రాదు. మేకలు, కోళ్ళతో వచ్చే కాపురానికి పెంకుటింటి వసారా కూడా సరిపోదు. అన్నిటికీ మించి, అడవిని నమ్ముకుని బతికేవారికి ఊరి నడుమ గది దొరికినా బతుకు తెరువు దొరకదు. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, వెదురు, నాలుగు గింజలు చల్లుకునే చెలక, ఇవన్నీ ఇంటికి దగ్గరగా ఉండాలి. అందుకే వారు ఇల్లు వెతకరు, వాగు వెతుకుతారు. వాగు పక్కన మిట్ట దొరికితే ఇల్లు అదే లేస్తుంది.

ఎందుకు వచ్చారు?

వారి రాక ఒక్కనాటిది కాదు. అడవికి ఈ పక్కా ఆ పక్కా ఒకే జాతి, ఒకే మాట. సంతలకు, పెళ్ళిళ్ళకు, కూలికి రాకపోకలు ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి రావడం మాత్రం 2005 తర్వాతి మాట.

ఆ ఏడాది జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరాలకు రమ్మని ఒక పక్క ఒత్తిడి. పోతే ద్రోహులని ఇంకో పక్క ముద్ర. ఇళ్ళు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. ఎటూ చేరలేనివారు అడవిలో పడి దక్షిణానికి నడిచారు. నేటి సుకుమా, బీజాపూర్ జిల్లాల ఊళ్ళనుంచి వేల కుటుంబాలు నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి చేరాయి. గిరిజన యువకులకు ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట ఆయుధాలిచ్చి పోరులో దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేనాటికి ఇక్కడ పాకలు వేసుకున్నవారి పిల్లలు బడి ఈడుకు వచ్చారు.

ఇంటిపేరు చెబితే చోటు

ఒక కుటుంబానికి ఇక్కడ నిలువ నీడ ఎలా దొరుకుతుందన్నది తెలుసుకోదగిన విషయం. సరిహద్దు దాటి వచ్చినవారు ముందు స్థానిక కోయల గూడేనికి చేరతారు. గూడెం పెద్ద అడిగే మొదటి ప్రశ్న ఇంటిపేరు. రెండవది గట్టు. కోయల్లో ఇంటిపేర్లన్నీ గట్లుగా ఉంటాయి. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరస, వారి మధ్య పెళ్ళి సంబంధం ఉండదు. వేరే గట్టువారైతే వియ్యాలవారు. మడకం, సోడి, మడివి, పొడియం, కుంజా వంటి ఇంటిపేర్లు అడవికి రెండు పక్కలా వినిపిస్తాయి. గట్టు తెలిసిన మరుక్షణం వచ్చినవాడు పరాయివాడు కాడు. అన్నో, బావో, మామో అవుతాడు.

విదేశాల్లో ఇంటి యజమాని అడిగే సిఫారసు ఇక్కడ ఇంటిపేరులోనే ఉందన్నమాట. గూడెం పెద్దలు కూర్చుని ఎక్కడ ఉండవచ్చో, ఏ వాగు దాటరాదో, ఎవరి పోడు జోలికి పోరాదో చెబుతారు. ఆ మాటే ఒప్పందం. అద్దె లేదు, గడువు లేదు. పండగకు పిలిస్తే రావాలి, పనికి పిలిస్తే సాయం పట్టాలి.

చోటు కుదిరాక ఇల్లు లేవడానికి రోజులే పడతాయి. గుంజలు పాతి, వాసాలు ఎత్తి, వెదురు తడికలు కట్టి, మన్ను మెత్తుతారు. పైన గడ్డి, లేకుంటే టార్పాలిన్. ముందు అలికిన వాకిలి, పక్కన మేకల దొడ్డి. వాగు ఇసుకలో చెలమ తీసుకుని సొరబుర్రలతో నీళ్ళు తెచ్చుకుంటారు. ఒక పాక చుట్టూ పది పాకలవుతాయి. ఊరికి దూరంగా, రోడ్డు లేని చోట, పటంలో పేరు లేని ఊరొకటి పుడుతుంది.

చోటు ఇచ్చింది ఒకరు, హక్కు ఇంకొకరిది

చిక్కంతా ఇక్కడే వచ్చింది. చోటు చూపింది గూడెం పెద్ద. భూమి మాత్రం అటవీ శాఖది. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం, పాక వేయడం, పోడు చేయడం చట్ట ప్రకారం నేరం. ఈ జిల్లాలో కిన్నెరసాని అభయారణ్యం వంటి చోట్ల నిబంధనలు మరింత కఠినం. దాంతో పాక లేచిన కొన్నాళ్ళకు అటవీ సిబ్బంది వస్తారు. ఖాళీ చేయమంటారు. పాకలు కూల్చిన, తగలబెట్టిన సంఘటనలు ఖమ్మం జిల్లాలో పలుమార్లు జరిగాయని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ సంస్థ 2008 జులైలో వెలువరించిన నివేదికలో పేర్కొన్నది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవుల్లోని జలగలంచ వద్ద పాకల తొలగింపు రాష్ట్రమంతటా వార్తలకెక్కింది.

పట్నంలో అద్దెకున్నవాడిని ఖాళీ చేయించాలన్నా నోటీసుంటుంది, గడువుంటుంది, కోర్టుంటుంది. అడవిలో పాక కూలితే ఆ రాత్రికే పిల్లలు చెట్టు కింద పడుకోవాలి. కూలిన చోట మళ్ళీ వేయడమో, ఇంకో లోయకు పోయి కొత్తగా చెట్లు కొట్టి వేయడమో తప్ప వారికి మూడో దారి ఉండదు. ఖాళీ చేయించినకొద్దీ అడవి లోపలికి పోతారు. అలా అడవికీ మేలు జరగడం లేదు, మనిషికీ జరగడం లేదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు కొంత ఆశ కలిగింది. 2005 డిసెంబరు 13కు ముందునుంచి అటవీ భూమిలో ఉంటూ దాని మీదనే బతికే గిరిజనులకు, కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా హక్కు పత్రం ఇవ్వవచ్చునని ఆ చట్టం చెబుతుంది. గడువు తేదీయే గుత్తికోయలకు అడ్డుగోడ. వారిలో ఎక్కువమంది ఆ తేదీ తర్వాత వచ్చినవారు. అంతకు ముందే వచ్చినవారికి రుజువు లేదు. చట్ట విరుద్ధంగా వెళ్ళగొట్టబడి, పునరావాసం పొందని గిరిజనులకు వేరే చోట భూమి సహా పునరావాసపు హక్కు ఉందని అదే చట్టం మూడవ సెక్షన్ అంటున్నది. దానికీ అదే తేదీ. జూన్‌లో మంటలు మొదలై, డిసెంబరులో తలుపు మూసుకుంది.

అక్కడ గిరిజనుడు, ఇక్కడ ఎవరు?

షెడ్యూల్డు తెగల జాబితా దేశానికంతటికీ ఒక్కటి కాదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం రాష్ట్రానికో జాబితా. ఒక రాష్ట్రంలో గిరిజనుడైనవాడు ఇంకో రాష్ట్రానికి తరలిపోతే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆ కేసు వేసినది తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన మన తెలుగు విద్యార్థే కావడం గమనార్హం. ఆయన అడిగింది మెడికల్ కాలేజీ సీటు. గుత్తికోయ అడుగుతున్నది నిలువ నీడ. అడ్డుపడుతున్న సూత్రం మాత్రం ఒక్కటే.

దీని ఫలితం చిత్రంగా ఉంటుంది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం కాపలా కాస్తున్నది. ఆ చట్టం దృష్టిలో బదలాయింపు అంటే అమ్మకం, దానం, తాకట్టే కాదు, కౌలు, లీజు కూడా. గిరిజనుల మేలు కోరి చేసిన ఈ చట్టం అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ ధ్రువపత్రం చూపలేని మురియా, కాగితం మీద గిరిజనేతరుడితో సమానం. అడవిలో ఉందామంటే అటవీ చట్టం, ఊళ్ళో స్థలం తీసుకుందామంటే ఏజెన్సీ చట్టం. తరతరాలుగా గిరిజనుడే అయినవాడు తాను గిరిజనుడినని రుజువు చేసుకోలేక రెండు చట్టాల మధ్యా నిలబడ్డాడు.

భారత పౌరుడు దేశంలో ఎక్కడైనా తిరగవచ్చు, ఎక్కడైనా నివసించవచ్చునని రాజ్యాంగం 19వ అధికరణం చెబుతుంది. షెడ్యూల్డు తెగల ప్రయోజనాల కోసం ఆ హక్కు మీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చునని కూడా అదే అధికరణం చెబుతుంది. ఇక్కడ రెండు పక్కలా ఉన్నవారు గిరిజనులే కావడంతో ముడి మరింత బిగిసింది.

స్థానికుల మాటా వినాలి

ఈ కథలో ఒక పక్కనే చూస్తే న్యాయం కాదు. మొదట్లో చోటు చూపిన గూడేలే కొన్నిచోట్ల ఇప్పుడు చాలంటున్నాయి. దానికి కారణాలు లేకపోలేదు. పశువులు మేసే అడవి తరిగింది. తునికాకు కట్టలో వాటాదారులు పెరిగారు. తమ పోడుకే పట్టా కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన స్థానిక కోయ రైతుకు, పక్కన కొత్తగా చెట్లు నరుకుతుంటే గుండె గుభేలుమంటుంది. అడవి నరికిన నేరం ఎవరిదైనా కేసు అందరి మీదా వస్తుందన్న భయం ఒకటి. సరిహద్దులో పోలీసుల గాలింపు జరిగిన ప్రతిసారీ కొత్తవారికి చోటిచ్చినందుకు తమను ప్రశ్నిస్తారన్న భయం ఇంకొకటి.

అటవీ సిబ్బంది బాధ కూడా చిన్నది కాదు. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు పంచాయతీ ఎర్రబోడు వద్ద మొక్కల విషయమై జరిగిన గొడవలో అటవీ రేంజి అధికారి సి.హెచ్. శ్రీనివాసరావు ప్రాణాలు కోల్పోయారు. విధి నిర్వహణలో ఉన్న అధికారిని నరికి చంపడం జిల్లాను కుదిపివేసింది. ఈ కేసులో ఇద్దరు గుత్తికోయలకు 2023లో కొత్తగూడెం కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. హత్య చేసినవారికి శిక్ష పడింది. అయితే ఆ తర్వాత నింద మాత్రం వలస వచ్చిన గూడేలన్నిటి మీదా పడింది. గుత్తికోయలను పంపించివేయాలని బెండాలపాడు గ్రామసభ తీర్మానం చేసే వరకూ వెళ్ళింది. ఇల్లు లేనివాడు, ఇల్లు కాపాడుకోవలసినవాడు, అడవిని కాపాడవలసినవాడు ఒకే చోట తలపడితే ఏమవుతుందో ఆ ఘటన చూపింది.

గీత మారింది, కష్టం మారలేదు

వచ్చినవారు సరిహద్దు దాటింది ఒక్కసారే. ఆ తర్వాత సరిహద్దే వారిని దాటింది. 2014లో రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ప్రాజెక్టు కోసం కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండల గ్రామాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. మిగిలిన భాగం 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఖమ్మం పేరు చెప్పి వచ్చిన బంధువుల్లో ఒకరు చింతూరు అడవిలో, ఒకరు చర్ల అడవిలో పాక వేసుకుంటే, ఇప్పుడు ఒకరిది ఒక రాష్ట్రం, ఇంకొకరిది ఇంకో రాష్ట్రం, వదిలివచ్చిన ఊరిది మూడో రాష్ట్రం. అర్జీ ఎవరికి పెట్టుకోవాలన్నదే తెలియని పరిస్థితి.

రోజువారీ బతుకులో ఈ కాగితపు చిక్కులు నీళ్ళ రూపంలో, జ్వరాల రూపంలో కనిపిస్తాయి. గుర్తింపు లేని గూడేనికి బోరు వేయరు, రోడ్డు వేయరు. వేసవిలో చెలమ అడుగంటుతుంది. వానాకాలంలో వాగు పొంగితే ఆసుపత్రి దారి మూసుకుంటుంది. మలేరియా వచ్చినా, కాన్పు కష్టమైనా మంచానికి కర్ర కట్టి మోసుకు రావడమే. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష కావడంతో చేరిన పిల్లలు కూడా నిలవడం కష్టమవుతున్నది.

బ్రూలకు ఒక న్యాయం జరిగింది

ఇలాంటి ముడి దేశంలో ఇంకెక్కడా విప్పలేదా అంటే, విప్పారు. 1997లో మిజోరంలో జరిగిన గొడవల్లో బ్రూ గిరిజనులు పారిపోయి పక్కనున్న త్రిపురకు చేరారు. ఇరవై రెండేళ్ళకు పైగా శిబిరాల్లోనే గడిపారు. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, బ్రూ ప్రతినిధులు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. సుమారు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరచాలని నిర్ణయించారు. కుటుంబానికి 40 అడుగులకు 30 అడుగుల ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర రూపాయలు, బ్యాంకులో 4 లక్షల డిపాజిట్టు, రెండేళ్ళ పాటు నెలకు 5 వేల రూపాయలు, రేషన్ ఇందులో ఉన్నాయి.

గుత్తికోయల విషయంలోనూ 2019లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ సంబంధిత రాష్ట్రాలను వివరాలు సేకరించమని కోరింది. బ్రూలకు జరిగినట్టు ఒప్పందం మాత్రం ఇక్కడ కుదరలేదు. బ్రూలు శిబిరాల్లో ఒకచోట ఉన్నారు కనుక లెక్కకు వచ్చారు. వీరు ఎవరికి వారు పాక వేసుకుని బతుకుతున్నారు కనుక లెక్కకు అందలేదు. ఎవరినీ చేయి చాచి అడగకపోవడమే వీరికి నష్టమైంది.

పెద్ద పరిష్కారం వచ్చేలోగా

పెద్ద పరిష్కారం ఢిల్లీలో, హైదరాబాదులో, రాయపూర్‌లో, అమరావతిలో జరగాలి. అది వచ్చేలోగా ఊరి స్థాయిలో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వీటిలో ఏదీ స్థానికుల హక్కుకు గండి కొట్టేది కాదు.

మొదటిది పుట్టిన బిడ్డ నమోదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. తల్లిదండ్రులు ఎక్కడివారైనా బిడ్డ పుట్టిన చోటే నమోదు జరుగుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి, ఓటు, ఆధార్ వంటి వాటికి జనన ధ్రువపత్రమే ఆధారం. తండ్రికి దొరకని కాగితం బిడ్డకైనా దొరుకుతుంది. ఆశ కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి తలచుకుంటే అయ్యే పని ఇది.

రెండవది బడి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతున్నది. మూడవది బియ్యం. చత్తీస్‌గఢ్‌లో ఆహార భద్రత రేషన్ కార్డు ఉన్నవారు 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' పద్ధతిలో ఇక్కడి చౌకధరల దుకాణంలోనూ తమ వాటా తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియనివారు చాలామంది ఉంటారు. నాలుగవది పని. పంచాయతీ పరిధిలో నివసించే కుటుంబంగా గుర్తింపు పొందితే ఏడాదిలో కొన్నాళ్ళైనా చేతికి పని దొరుకుతుంది. పని ఉన్నవాడు కొత్తగా చెట్టు నరకవలసిన అవసరం తగ్గుతుంది.

అయిదవది గ్రామసభ మాట. అటవీ హక్కుల దరఖాస్తులో కాగితమే కాదు, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉంది. దరఖాస్తు విచారణ పూర్తయ్యేదాకా అటవీ భూమిలో నివసించే అర్హుడిని వెళ్ళగొట్టరాదని కూడా చట్టంలో ఉంది. 2005 డిసెంబరుకు ముందే వచ్చి, పొరుగు కోయలు ఎరిగిన కుటుంబాలకు ఈ మాట ప్రాణంతో సమానం. నాడు ఇంటిపేరు అడిగి చోటు చూపిన పెద్దలు నేడు అదే మాట గ్రామసభలో చెబితే, నోటి మాట కాగితమవుతుంది.

వెనక్కి పోతారా, ఇక్కడే ఉంటారా అన్నది ఆ కుటుంబాలను అడిగి తేల్చవలసిన విషయం. పోతామన్నవారికి ఊళ్ళో భూమి, ప్రాణానికి భద్రత చూపాలి. ఉంటామన్నవారికి అడవి మధ్యన కాక, రోడ్డుకు, బడికి దగ్గరగా ఒక స్థలం చూపి, ఇక మీదట చెట్టు నరకబోమన్న మాట తీసుకోవాలి. రెండూ కాక మధ్యలో వదిలేస్తే ఏటా కొన్ని పాకలు కూలుతాయి, ఏటా కొంత అడవి పోతుంది. ఎప్పుడో ఒకనాడు ఎర్రబోడు వంటి విషాదం మళ్ళీ జరుగుతుంది.

రేపు సంక్రాంతి దాటగానే మళ్ళీ మిర్చి చేలు పిలుస్తాయి. చేయి తిరిగిన కూలీలు కావాలని రైతులే కబురు పెడతారు. కాయ ఏరడానికి పనికివచ్చిన చేతులకు కాగితం అడగని మనం, కోతలు అయిపోయాక పాక వేసుకుంటే మాత్రం కాగితం ఏదని అడుగుతున్నాం. ఉగాది నాటికి పరదా విప్పి, కుండలు నెత్తిన పెట్టుకుని వాగు దారి పట్టే ఆ తల్లికి ఈసారైనా అధికారులు ఒక జవాబు చెప్పాలి.